జ్వరంతో వచ్చిన బిడ్డ మూత్రంలో ఏముంది?

(అశ్వారావుపేటలో చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే ఫోలిక్ ఆమ్లం గుర్తుకొస్తుంది, మెథోట్రెక్సేట్ గుర్తుకొస్తుంది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ గుర్తుకొస్తుంది. ఇవాళ నా విషయానికి కావలసింది ఆయన చేసిన అంతకు ముందటి పని. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యం నేర్చుకుని ఆయన అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో చేతిలో డబ్బు లేక ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరారు. రోగుల మంచాల దగ్గరి మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని అది. ఆ తరువాత హార్వర్డులో, ఆటో ఫోలిన్ నడిపిన జీవరసాయన విభాగంలో, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. రసాయనాలు కలిపితే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ఆ తరువాత ఎన్నో తరాల విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు.

మనిషి ఒంట్లో లోపల జరిగే పనిని మూత్రంలో రంగు చూసి చదవవచ్చని నమ్మిన విద్య అది. ఆ విద్యను అశ్వారావుపేటలో జ్వరంతో వచ్చే పసిబిడ్డల కోసం మనం ఎంత వాడుతున్నాం, ఇకముందు ఎంత వాడగలం అన్నదే ఈ ఉపన్యాసం.

మన వైపు జ్వరం అంటే మొదట మలేరియా. అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి మండలాల గూడేల్లో వాన పడిందంటే ఆశా సంచిలో మలేరియా కిట్టు సిద్ధంగా ఉంటుంది. బిడ్డ వేలు గుచ్చుతారు, చుక్క రక్తం పట్టీ మీద వేస్తారు, పావుగంటలో మాట చెబుతారు. ఇది ఎన్నో ఏళ్లు, ఎందరో కష్టపడి తెచ్చిన అలవాటు. దానివల్ల బతికిన పిల్లలు ఈ ఊళ్లలోనే పెద్దవాళ్లై తిరుగుతున్నారు. నా ప్రశ్న ఆ పట్టీ నెగెటివ్ వచ్చిన బిడ్డ గురించి. ఆ బిడ్డకు మనం చేసేదేమిటి? పారాసిటమాల్ ఇస్తాం. రెండోరోజూ తగ్గకపోతే డెంగీ అనుకుంటాం, టైఫాయిడ్ అనుకుంటాం. ఊళ్లో ఆర్ఎంపీ ఒక ఇంజెక్షన్ చేస్తాడు. రక్తం రెండుసార్లు, మూడుసార్లు తీస్తాం. మూత్రం మాత్రం ఎవరూ అడగరు.

నాకు బాగా గుర్తున్న ఒక పాప గురించి చెబుతాను. ఎనిమిది నెలల ఆడపిల్ల. తల్లి కోయ మనిషి, పామాయిల్ తోటలో గెలలు మోసే పనికి పోతుంది. "జొరం తగ్గట్లేదు సార్, పాలు తాగిన కాడికి కక్కేస్తంది" అంది. మలేరియా పట్టీ రెండుసార్లు నెగెటివ్. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనాలు లేవు, చెవులు బాగానే ఉన్నాయి, ఒంటి మీద దద్దు లేదు. ఇలా వెతికినా కారణం దొరకని జ్వరం పసిబిడ్డకు వచ్చినప్పుడు మూత్రం చూడటం తప్పనిసరి. ఆ వయసు పిల్ల "మంటగా ఉంది" అని చెప్పలేదు, "నడుము నొప్పి" అని చూపించలేదు. ఏడుస్తుంది, కక్కుతుంది, బరువు పెరగదు. అంతే.

అంత చిన్నపిల్ల మూత్రం పట్టేదెలాగని అందరూ అడుగుతారు. పట్టవచ్చు. పాలు పట్టించి అరగంట ఆగాం. కింద సబ్బుతో కడిగి తుడిచాం. నర్సు పాపను చంకల కింద పట్టుకుని కాళ్లు వేలాడేలా ఎత్తింది. నేను బొడ్డు కింద, మూత్రాశయం మీద, రెండు వేళ్లతో అర నిమిషం గబగబా తట్టాను. తరువాత నడుం దగ్గర వెన్నుకు రెండు పక్కలా బొటనవేళ్లతో అర నిమిషం నిమిరాను. మళ్లీ తట్టాను. ధార వచ్చింది. మొదట వచ్చింది వదిలేసి నడిమిది శుభ్రమైన సీసాలో పట్టాం. స్పెయిన్ వైద్యులు 2013లో అప్పుడే పుట్టిన పిల్లల్లో ఈ పద్ధతిని పరీక్షించి, ఎక్కువమందిలో కొద్ది నిమిషాల్లోనే మూత్రం పట్టగలిగారు. ఆస్ట్రేలియాలో 2017లో ఇంకో తేలిక ఉపాయం ప్రచురించారు. చల్లటి సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో పొత్తికడుపు మీద మెల్లగా రుద్దితే, ఐదు నిమిషాల్లో మూత్రం పోసిన పిల్లలు 12 శాతం నుంచి 31 శాతానికి పెరిగారు. ఈ రెండు పనులకూ యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి. అంటించే ప్లాస్టిక్ సంచిలో పట్టిన మూత్రాన్ని మాత్రం కల్చర్‌కు పంపకండి. చర్మం మీది క్రిములన్నీ అందులో చేరి లేని జబ్బును చూపిస్తాయి.

మూత్రం పరీక్షించే పట్టీ ముంచాం. నిమిషానికి చూడాల్సిన నైట్రైట్ గడి తెల్లగానే ఉంది. రెండు నిమిషాలకు చూడాల్సిన ల్యూకోసైట్ గడి మీగడ రంగు నుంచి ముదురు ఊదాకు తిరిగింది. సూక్ష్మదర్శిని కింద చీముకణాలు గుంపులుగా కనిపించాయి. పాపకు మూత్రపిండం దాకా పాకిన ఇన్ఫెక్షన్ ఉందనుకుని వైద్యం మొదలుపెట్టాం. మూడోరోజుకు జ్వరం దిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నైట్రైట్ గడి తెల్లగా ఉంది కాబట్టి ఇన్ఫెక్షన్ లేదని రాసి పంపితే ఏమయ్యేది? క్రిములు మూత్రంలోని నైట్రేటును నైట్రైటుగా మార్చాలంటే మూత్రం కొన్ని గంటలు మూత్రాశయంలో నిలవాలి. పసిపిల్లలు గంటగంటకూ పోస్తారు. అందుకే ఈ వయసులో నైట్రైట్ వస్తే దాదాపు నమ్మవచ్చు గాని, రానంత మాత్రాన ఏమీ తేలదు. ల్యూకోసైట్ గడి తీరు వేరు. అది చాలామందిని పట్టుకుంటుంది, కాని ఇన్ఫెక్షన్ లేని కొందరిని కూడా పట్టుకుంటుంది. ఏ జ్వరంలోనైనా మూత్రంలో కొద్దిపాటి తెల్లకణాలు రావచ్చు, కవాసాకి జబ్బులోనూ వస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మచ్చల కోసం. ఈ.కోలై క్రిమి మూత్రాశయం నుంచి పైకెక్కి మూత్రపిండంలో స్థిరపడితే, అది తగ్గిన చోట మచ్చ మిగలవచ్చు. ఆ మచ్చలో రక్తం వడపోసే గుచ్ఛాలు ఉండవు. పిట్స్‌బర్గ్‌కు చెందిన నాదర్ షేఖ్ బృందం 2008లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, జ్వరంతో వచ్చిన రెండేళ్లలోపు పిల్లల్లో దాదాపు నూటికి ఏడుగురికి మూత్ర ఇన్ఫెక్షన్ ఉంది. మొదటిసారి ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లల మీద అదే బృందం తరువాత వేసిన లెక్క ప్రకారం, స్కాన్ తీస్తే సగానికి పైగా పిల్లలకు మూత్రపిండానికే సోకినట్టు తేలింది, నూటికి పదిహేను మందికి మచ్చ మిగిలింది. 2016లో వాళ్లే ఇంకో మాట చెప్పారు. జ్వరం మొదలై 48 గంటలు దాటాక మందు మొదలుపెట్టిన పిల్లల్లో కొత్త మచ్చలు పడే అవకాశం దాదాపు సగం మేర పెరిగింది.

48 గంటలు. మన గూడెంలో జ్వరం వచ్చిన బిడ్డకు మొదటి రోజు మలేరియా పరీక్ష, రెండోరోజు ఎదురుచూపు, మూడోరోజు ఆర్ఎంపీ, నాలుగోరోజు బస్సు. ఆ గడువు ఎక్కడ దాటిపోతోందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మూత్రపిండాల జబ్బు అంటే తెలుగువాళ్లందరికీ ఉద్దానం గుర్తుకొస్తుంది. రావాలి కూడా. శ్రీకాకుళం జిల్లాలోని ఆ పల్లెల బాధ మీద ఇంకా ఎంతో పని జరగాలి. కాని చిన్నతనంలోనే మూత్రపిండాలు పోగొట్టుకున్న పిల్లల సంగతి వేరు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అలాంటి మూడు వందల మందికి పైగా పిల్లల వివరాలు 2003లో ప్రచురించారు. వారిలో మూడో వంతుకు కాస్త తక్కువ మందికి మూత్రమార్గంలో అడ్డంకి కారణం. ఇంకో ఆరో వంతు మందికి మూత్రం మూత్రాశయం నుంచి వెనక్కి, మూత్రపిండం వైపు ఎగదన్నడం వల్ల జరిగిన నష్టం కారణం. అంటే దాదాపు సగం మంది పిల్లల జబ్బు మూత్రం నడిచే దారిలో మొదలైంది. అలాంటి దారిదోషం చాలాసార్లు మొదట బయటపడేది ఒక జ్వరంలోనే. ఆ జ్వరంలో మూత్రం చూడకపోతే దోషం ఇంకో అయిదేళ్లో పదేళ్లో దాగి ఉంటుంది.

మూత్రపిండానికి సోకిందా, మూత్రాశయం దగ్గరే ఆగిందా అని తేల్చే పరీక్షల్లో ఇప్పటికీ పెద్దపీట డీఎంఎస్ఏ స్కాన్‌దే. కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు నరంలోకి ఎక్కించి, రెండు నుంచి నాలుగు గంటల తరువాత మూత్రపిండాల బొమ్మ తీస్తారు. మందు పట్టని చోటు ఖాళీగా కనిపిస్తుంది. అశ్వారావుపేట తల్లి ఆ స్కాన్ కోసం హైదరాబాదు పోవాలి. కడుపులో బిడ్డ, ఇంట్లో ఇంకో బిడ్డ, తోటలో కూలి. బిడ్డ ఒళ్లు జ్వరంతో కాలుతుండగా ఏ తల్లి పోగలదు? పోవాల్సిన పనే లేకుండా, ఇక్కడే కొద్దిపాటి మూత్రంలో ఆ మాట దొరికితే? క్రిమి మీద ఒళ్లు తిరగబడినప్పుడు విడుదలయ్యే పదార్థాల మీద, అంటే ఇన్‌ఫ్లమేషన్ మార్కర్ల మీద, ప్రపంచమంతా పని చేస్తున్నది ఈ ఆశతోనే.

క్రిమి వచ్చి మూత్రనాళాల గోడకు అంటుకోగానే ఆ గోడ కణాలు ఊరుకోవు. ఇంటర్‌ల్యూకిన్-8 అనే పదార్థాన్ని విడుదల చేసి తెల్లకణాలను పిలుస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలోకి వెళ్లి జ్వరం తెప్పిస్తుంది, కాలేయంలో సీఆర్‌పీ తయారు చేయిస్తుంది. స్వీడన్‌లో కాతరీనా స్వాన్‌బోరి బృందం 1990లలో పిల్లల మూత్రంలోనే వీటిని కొలిచి చూపించింది. 2000లో ఆ బృందమే ఇంకా లోతుకు వెళ్లింది. ఇంటర్‌ల్యూకిన్-8 పిలుపును అందుకునే గ్రాహకం లేని ఎలుకల్లో తెల్లకణాలు వచ్చాయిగాని, గోడ దాటి మూత్రంలోకి పోలేక కణజాలంలోనే ఇరుక్కుపోయాయి. మూత్రపిండం పాడైంది. మాటిమాటికి మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ వచ్చే పిల్లల్లో కూడా ఆ గ్రాహకం తక్కువగా ఉన్నట్టు వాళ్లు గమనించారు. మచ్చ పడటానికి క్రిమి ఒక్కటే కారణం కాదు, దాని మీద మన ఒళ్లు చేసే యుద్ధం కూడా కారణం. అందుకే క్రిమిని లెక్కపెట్టే కల్చర్ చెప్పలేని మాట ఈ మార్కర్లు చెప్పగలవు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఎన్‌గాల్ అనే ప్రోటీన్. క్రిములకు బతకడానికి ఇనుము కావాలి. ఈ.కోలై ఇనుమును లాక్కోవడానికి ఒక చిన్న అణువును బయటికి వదులుతుంది. ఎన్‌గాల్ ఆ అణువునే ఇనుముతో సహా పట్టేసి దాచేస్తుంది. ఈ సంగతి 2002లో తేలింది. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ బరాష్ బృందం 2014లో, మూత్రపిండంలోని సేకరణ నాళాల కణాలే ఎన్‌గాల్‌ను మూత్రంలోకి వదులుతున్నాయని చూపించింది. అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో, జ్వరంతో వచ్చిన మూడు నెలల లోపు పసికందుల మూత్రంలో దాన్ని కొలిచారు. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో నూటికి 97 మందిని అది పట్టుకుంది. లేనివాళ్లలో నూటికి 95 మందికి పైగా లేదనే చెప్పింది. మామూలు పట్టీ రెండు వైపులా ఇంత గట్టిగా నిలబడదు.

మన ఊరికి దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. దారిలో ఆర్ఎంపీ చేసిన ఒక్క యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌తో కొద్ది గంటల్లోనే కల్చర్ ఖాళీగా రావచ్చు. క్రిమి పోయినా ఒళ్లు మొదలుపెట్టిన ప్రతిస్పందన అంత తొందరగా చల్లారదు. పైగా కల్చర్‌కు పంపే మూత్రం గంటలోపు ల్యాబ్‌కు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో చల్లగా ఉండాలి. 2021లో జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు వచ్చాక మన రక్తనమూనాలు కొత్తగూడెం పోతున్నాయి, అది పెద్ద మేలు. కాని మే నెల ఎండలో సీసాలో మూత్రం గంటల తరబడి కూర్చుంటే అందులో క్రిములు పెరుగుతాయి, రిపోర్టు తప్పు చెబుతుంది.

ఇంత చెప్పినవాడిని, ఇప్పుడు జాగ్రత్తలూ చెప్పాలి. ఎన్‌గాల్ యంత్రం కొని తెచ్చి రేపటి నుంచి మొదలుపెడదామని నేను అనను. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా లేదా అని చెప్పడంలో ఈ మార్కర్లు గట్టివి. అది మూత్రపిండం దాకా వెళ్లిందా అని చెప్పడంలో అంత గట్టివి కావు. స్కాన్‌లో తేడా ఉన్న పిల్లల్లో ఇంటర్‌ల్యూకిన్లు సగటున ఎక్కువే, కాని ఉన్నవాళ్ల అంకెలూ లేనివాళ్ల అంకెలూ చాలావరకు కలిసిపోతాయి. రక్తంలో చూసే ప్రొకాల్సిటోనిన్, సీఆర్‌పీల మీద జరిగిన కాక్రేన్ సమీక్షలు కూడా స్కాన్ బదులు వీటినే నమ్మండి అని చెప్పలేదు.

అంతకన్నా ముఖ్యమైనది మన పిల్లల సంగతి. మూత్రపిండానికి ఏ రకంగా దెబ్బ తగిలినా ఎన్‌గాల్ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయి మూత్రపిండం దెబ్బతిన్నా పెరుగుతుంది, పాము కాటుకు మూత్రపిండం దెబ్బతిన్నా పెరుగుతుంది. తీవ్రమైన మలేరియాలోనూ పెరుగుతుందని ఉగాండా పిల్లల మీద పనిచేసినవాళ్లు చూశారు. న్యూయార్క్ పసికందుల్లో మలేరియా లేదు. ఇన్ఫెక్షన్ ఉందీ లేదూ అని విడదీయడానికి వాళ్ల దగ్గర గీసిన గీత వర్షాకాలంలో మన గూడెంలో పనిచేస్తుందా? ఆ గీతను ఇక్కడే, ఈ పిల్లల్లోనే మళ్లీ గీయాలి.

ఇంకో చిక్కు. మూత్రం ఒకసారి నీళ్లలా ఉంటుంది, ఒకసారి చిక్కగా ఉంటుంది. అందుకని మార్కరును క్రియాటినిన్‌తో భాగించి చెప్పడం ప్రయోగశాలల అలవాటు. మూత్రంలో క్రియాటినిన్‌ను రంగుతో కొలిచే పద్ధతికి బాట వేసినవాడు సుబ్బారావు గారి విభాగాధిపతి ఫోలినే, 1904లో. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. మన అంగన్‌వాడీల్లో తూకం వేస్తే ఎర్రగీత కింద పడే పిల్లకు కండ ఎక్కడిది? భాజకం చిన్నదైతే భాగఫలం పెద్దదవుతుంది. పోషణ తక్కువైనా ఇన్ఫెక్షన్ లేని బిడ్డ కాగితం మీద రోగి అయిపోతుంది. బోస్టన్‌లోనో స్టాక్‌హోమ్‌లోనో ఎవరికీ ఈ సమస్య తట్టదు. మనకు తట్టాలి.

అందుకే ముందు చేతిలో ఉన్న పట్టీని గట్టిగా వాడదాం. గర్భిణుల మూత్రంలో అల్బుమిన్, చక్కెర చూసే పట్టీలు మన ఏఎన్ఎంలకు కొత్త కాదు. వాటి బదులు ల్యూకోసైట్, నైట్రైట్ గడులు కూడా ఉన్న పట్టీలు తెప్పిస్తే గర్భిణికీ ఉపయోగం, పసిబిడ్డకూ ఉపయోగం. మలేరియా పట్టీ నెగెటివ్ వచ్చి, దగ్గూ విరేచనాలూ లేని రెండేళ్లలోపు బిడ్డకు అదే రోజు మూత్రం పట్టాలి. మలేరియా పాజిటివ్ వచ్చినా, మందు వేశాక జ్వరం దిగకపోతే పట్టాలి. ల్యూకోసైట్ గడి మారితే కల్చర్‌కు తీసి, రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. 1999లో హాబర్మన్ బృందం 306 మంది పిల్లల్లో చూపించినట్టు, కక్కకుండా తాగగలిగే బిడ్డకు నోటిమందు నరంలోకి ఎక్కించే మందుకు తీసిపోదు. అయితే వాళ్లు వాడిన సెఫిక్సిమ్‌కు మన దేశంలో ఈ.కోలై చాలావరకు లొంగడం మానేసింది. ఏ మందు పనిచేస్తోందో జిల్లా ల్యాబ్ కల్చర్ల లెక్క చూసి ఏటా చెప్పాలి. మూడు నెలల లోపు పసికందునూ, కక్కుతున్న బిడ్డనూ ఆసుపత్రిలో చేర్చాల్సిందే.

మార్కర్ల విషయంలో మనం చేయవలసింది అధ్యయనం. మన ప్రాంతంలో జ్వరంతో వచ్చిన పిల్లల్ని, మలేరియా ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి, రాసుకోవాలి. బరువు, జబ్బచుట్టు కొలత, విరేచనాలు, ముందే పడిన ఇంజెక్షన్, జ్వరం మొదలైన గంట రాయాలి. పట్టీ చూశాక మిగిలిన మూత్రాన్ని చల్లగా జిల్లాకు చేర్చి గడ్డకట్టించి దాచాలి. ఇంటర్‌ల్యూకిన్లు ఎండకు తట్టుకోవు. ఇన్ఫెక్షన్ తేలిన పిల్లలకు నాలుగు నుంచి ఆరు నెలల తరువాత స్కాన్ తీసి మచ్చ పడిందా చూడాలి. అప్పుడు ఎన్‌గాల్ అంకె మన బిడ్డలో ఏం చెబుతోందో తెలుస్తుంది. 2014లో ఆంధ్రలో కలిసిన కుక్కునూరు, వేలేరుపాడు పిల్లల్ని కూడా ఇందులో చేర్చుకోవాలి. అడవి ఒకటే, దోమ ఒకటే.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి అధ్యయనాల్లో పిల్లలు మధ్యలో తప్పిపోయేది ఎక్కువగా ఆ చివరి స్కాన్ దగ్గరే. జ్వరం తగ్గి ఆరు నెలలైన, ఆడుకుంటున్న బిడ్డను తీసుకుని తల్లి హైదరాబాదు ఎందుకు రావాలి? రావాలంటే ఆమెకూ, తోడు వచ్చే మనిషికీ రానుపోను బస్సు చార్జీ, రెండు రోజుల భోజనం, రాత్రి పడుకోవడానికి చోటు, పోయిన కూలి ఇవ్వాలి. గెలల కోతల రోజుల్లోనూ మిరప ఏరే రోజుల్లోనూ తేదీ పెట్టకూడదు. ఈ స్మారక ఉపన్యాసపు నిధికి దాతలైన కుటుంబాల వారు నా పక్కనే కూర్చుని ఉన్నారు కాబట్టి నేరుగా అడుగుతున్నాను. అధ్యయనం ఖర్చు రాసే కాగితంలో ఈ పద్దును మొదటి వరుసలో రాద్దాం. యంత్రం ధర దాని కింద రాద్దాం.